రైలు కింద రేడియో బజారు

టోక్యో నగరంలో అకిహబరా అనే పేటకు ఆ పేరు రావడానికి కారణం నిప్పు భయం. 1869లో ఆ చుట్టుపక్కలంతా తగలబడిపోయింది. ఆ రోజుల్లో జపానువాళ్ళ ఇళ్ళు కొయ్యా కాగితమూను. ఒక కొంపకు అంటుకున్నదంటే వీధి వీధంతా బుగ్గి. మళ్ళీ అక్కడ ఇళ్ళు లేవకుండా ప్రభుత్వంవారు ఆ జాగా ఖాళీగా వుంచి, అగ్నిభయం లేకుండా కాపాడమని ఒక చిన్న గుడి కట్టించారు. నిప్పునుంచి కాపాడే దేవుడనగానే అక్కడి జనానికి తోచే పేరు అకిబా. గుళ్ళో వున్నది ఆయన కాకపోయినా సరే, జనం మాత్రం ఆ చోటును ‘అకిబావారి బయలు’ అనే పిలిచారు. ఆ పిలుపే నలిగి నలిగి అకిహబరా అయింది. 1890లో అక్కడ సామాన్ల రైలు స్టేషను వెలిసింది. గుడి వేరే పేటకు తరలిపోయింది. ఇవాళ ఆ స్టేషనులో దిగి గుడి ఎక్కడని అడిగితే చెప్పేవాడు లేడు. వాల్వులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే చెప్పేవాళ్ళు మాత్రం ఇంకా కొందరున్నారు.

వాల్వులంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు గాని పెద్దవాళ్ళకు జ్ఞాపకం వుంటుంది. పాత రేడియో మీట తిప్పగానే పలికేది కాదు. లోపల గాజుబుడ్లు మెల్లిగా ఎర్రబడి, వేడెక్కి, పెట్టెకు ఒక విధమైన వాసన వచ్చి, అప్పుడు గొంతు విప్పేది. ఆ గాజుబుడ్లే వాల్వులు. అకిహబరాను నిలబెట్టినవి అవే.

1945లో యుద్ధం ముగిసేనాటికి టోక్యోలో చాలా భాగం బూడిదగుట్ట. తినడానికి బియ్యం లేవు. అయినా జనం రేడియో కోసం తహతహలాడారు. ఇదేమి సరదా అనుకోకండి. 1946 నుంచి అక్కడి ఎన్.హెచ్.కె. రేడియోలో తప్పిపోయిన మనుషుల కోసం ఒక కార్యక్రమం వచ్చేది. ఫలానా పటాలంలో పనిచేసిన ఫలానావాడి సంగతి తెలిసినవారు తెలియజేయవలెను, ఫలానా వూళ్ళో వుండిన ఫలానా కుటుంబం ఎక్కడున్నదీ చెప్పవలెను అని వరసగా చదివేవారు. ఆ చదవడం 1962 దాకా సాగింది. పెట్టెకు చెవి ఆనించి, తన కొడుకు పేరు వస్తుందేమోనని కూర్చున్న తల్లిని ఊహించుకోండి. ఆమెకు సంగీతం అక్కరలేదు; గుమ్మనే శబ్దం అసలే అక్కరలేదు. ఆ పేరులోని అక్షరాలు స్పష్టంగా వినబడాలి, అంతే.

దుకాణంలో తయారు రేడియో కొనాలంటే దానిమీద పెద్ద పన్ను. విడి సామాన్లు తెచ్చి ఎవడికి వాడు బిగించుకుంటే సగానికి సగం చవుక. దగ్గరలోనే కాందా పేటలో విద్యుత్తు విద్య నేర్పే కళాశాల ఒకటి వుండేది. అక్కడి కుర్రాళ్ళు సైన్యం వదిలేసిన వాల్వులూ తీగెలూ పోగుచేసుకుని, రేడియోలు బిగించి అమ్ముకుని ఫీజులు కట్టుకున్నారు. వాళ్ళను చూసి రోడ్డు పక్కన విడిసామాన్ల బడ్డీలు పుట్టుకొచ్చాయి. 1949లో అమెరికా సేనల అధికారులు వీధి బడ్డీలన్నీ ఎత్తివేయవలసిందని ఆజ్ఞ జారీచేశారు. బడ్డీలవాళ్ళు పోయి మొరపెట్టుకుంటే, ఎత్తుగా కట్టిన రైలు కట్ట కింద జాగా దొరికింది. ఆ జాగాలో ఇప్పటికీ వున్నారు.

ఆ రోజుల్లోనే, అక్కడికి కాస్త దూరంలో కాలిపోయిన ఒక పెద్ద అంగడి మేడమీద ఇబుకా అనే ఇంజనీరు నలుగురిని పోగుచేసుకుని రేడియో మరమ్మతులు మొదలుపెట్టాడు. మధ్యలో కొయ్య తొట్టిలో కరెంటుతో అన్నం వండే యంత్రం ఒకటి చేసిచూశారు గాని, అన్నం ఒకసారి పలుకు, ఒకసారి సంకటి! ఆ ప్రయత్నం కట్టిపెట్టారు. 1950లో టేపు రికార్డరు చేశారు, మహా బరువు. 1955లో ట్రాన్సిస్టరు రేడియో చేశారు. ఆ కంపెనీయే దరిమిలా సోనీ అయింది. అన్నం సరిగ్గా వుడికివుంటే ఏమయ్యేవాళ్ళో చెప్పలేము.

మా పెద్దవాడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడుండే నిషికసాయిలో మనవాళ్ళు బోలెడుమంది. సందుకొక తెలుగు మాట వినపడుతుంది. అక్కడినుంచి ఒక రైలు మారితే అకిహబరా అరగంట ప్రయాణం. మేము వెళ్ళినది కేవలం చూడడానికే కాదు, ఒక పని కూడా వుంది. అది ఇద్దరు మనుషులు అప్పగించిన పని, ఒకరి మాట ఇంకొకరి మాటకు పొసగదు.

మొదటివారు మా బావగారు. ఆయనకు జపాను అంటే 1980 ప్రాంతాల్లో గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు మోసుకొచ్చిన టూ-ఇన్-వన్. ఆ రోజుల్లో ఏ ఇంట్లో అది పాడితే ఆ ఇంటి అరుగుమీద వీధి వీధంతా కూర్చునేది. “ఎలాగూ వెళుతున్నావు గదా, సినిమా హాల్లోలాగా గుండె అదిరే సెట్టు ఒకటి పట్టుకురా. వెయ్యి వాట్లకు తక్కువ వద్దు” అన్నారు. రెండోది మా అమ్మ. ఆవిడ ఏమీ అడగలేదు. ఎనభై రెండేళ్ళ మనిషి. ఏడాదిగా ఆవిడ చేస్తున్నదల్లా ఒకటే. రాత్రి భోజనాలయ్యాక హాల్లో అందరం టెలివిజను ముందు చేరేసరికి, “మీరు చూడండర్రా, నాకు నడుం లాగుతోంది” అని లేచి తన గదిలోకి వెళ్ళిపోతుంది. నడుము కాదు కారణం. ఒకనాడు మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది: “వినబడుతోందే! మాట తెలియడంలేదు.”

స్టేషనులో దిగి ‘ఎలక్ట్రిక్ టౌన్’ అని రాసివున్న దారిన బయటికొస్తే మొదట కళ్ళు బైర్లు కమ్ముతాయి. రేడియోలకు ప్రసిద్ధమైన పేట అనుకుని వెళ్ళినవారికి కనిపించేవి బొమ్మలు. బొమ్మల సినిమాల్లోని నాయికానాయకుల ప్రతిమలు, బొమ్మల అట్టలు, ఆటల దుకాణాలు, పరిచారికల వేషం వేసుకుని ఫలహారశాలల కరపత్రాలు పంచే ఆడపిల్లలు. ‘రేడియో కైకాన్’ అని పెద్ద పసుపు అక్షరాల మేడ వుంది. కైకాన్ అంటే భవనం. 1962లో లేచిన ఎనిమిదంతస్తుల మేడను పడగొట్టి, 2014లో అదే స్థలంలో కొత్తది తెరిచారు. పేరు రేడియోదే, లోపల అంతస్తంతస్తునా బొమ్మలే.

పాత బజారు చూడాలంటే రైలు కట్ట కింద దూరాలి. దూరాలి అని ఊరికే అనలేదు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగవలసిందే. ఒక్కొక్క కొట్టు మన వూళ్ళో కిళ్ళీకొట్టంత. మనిషి మధ్యలో కూర్చుంటే చుట్టూ చెయ్యి చాపితే అందేంత దూరంలో సరుకంతా వుంటుంది. ఒకరి దగ్గర మీటలే, వెయ్యి రకాలు. ఒకరి దగ్గర తీగెలే. ఇంకొకరి దగ్గర రేడియో ముందు బిగించే గుండ్రటి బిళ్ళలే. చిన్న చిన్న అరల్లో పోపుపెట్టె సర్దినట్లు సర్దారు. పదీ ఇరవై యెన్లు పెట్టి ఒక్క ముక్క కొన్నా కాగితంలో చుట్టి, రెండు చేతులా అందించి, వంగి నమస్కరిస్తారు. తలమీద నిమిషానికొక రైలు దడదడమంటూ పోతుంది. దాని కింద ఒక ముసలాయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, ఎవరో తెచ్చిన వాల్వును ఊపి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఆ రొదలో ఆయనకు ఏం వినబడిందోగాని, తల అడ్డంగా తిప్పి తిరిగి యిచ్చేశాడు.

ఈ కొట్లు కూడా తరిగిపోతున్నాయి. పక్కనే వుండిన ‘రేడియో స్టోర్’ అనే వరస 2013లో మూతపడింది. మిగిలినవాళ్ళలో చాలామంది తల నెరిసినవారే.

ఇక్కడినుంచి మా పెద్దవాడు మమ్మల్ని పాటల పెట్టెలు అమ్మే ఒక మేడకు తీసుకువెళ్ళాడు. కింద అంతస్తులో చవుక సరుకు. మెట్లెక్కినకొద్దీ ధర ఎక్కుతుంది. చిట్టచివరి అంతస్తులో మనిషెత్తు స్పీకర్లు రెండు నిలబెట్టారు. వాటి ధర మన డబ్బులో లెక్కకట్టి మావాడు చెబితే, మా ఆవిడ చీర కొంగు ఎక్కడ తగులుతుందోనని చుట్టుకుని దూరం జరిగింది. ఆ డబ్బుతో మన వూళ్ళో ఒక ఇల్లు వస్తుంది. వినడం మాత్రం వుచితం. ఎవరూ తొందరపెట్టరు. కొనేవాడా కాదా అని మొహంలోకి చూడరు. ఈ మర్యాద మన వూళ్ళ దుకాణాల్లో కూడా వుంటే బాగుండుననిపించింది.

రెండో అంతస్తులో ఒక పెద్దమనిషి మా పని కనుక్కున్నాడు. ఎంత పెట్టదలచుకున్నారు అని అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “మీ గది ఎన్ని చాపలు?”

జపానులో గది కొలత చాపల్లో చెబుతారు. తాతామి అనే గడ్డి చాప, రెండు అంగుళాల మందం, ఇంచుమించు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అంటారు. మా హాలు పద్నాలుగుకు పదకొండు. లెక్కవేస్తే ఎనిమిదిన్నర చాపలు. రెండో ప్రశ్న: నేల ఏమిటి? పలకరాళ్ళు. గోడలు? సున్నం గోడలు, ఒక అద్దాల బీరువా. పరదాలు? గుమ్మానికి ఒకటి, అదీ పల్చటిది. ఆయన ఊపిరి బిగబట్టి, తలపక్కకు వాల్చి, “అది కొంచెం...” అని ఆగిపోయాడు. జపానువాళ్ళ మర్యాదలో అదే ‘చాలా కష్టం’ అనడం.

అప్పుడు ఆయన రెండు చేతులూ గట్టిగా చప్పట్లు కొట్టాడు. ‘టప్’ అని వినిపించి అక్కడికక్కడే అణగిపోయింది. గదినిండా తివాచీ, గోడలకు గుడ్డ. తరవాత మెట్లదారిలోకి తీసుకువెళ్ళి మళ్ళీ కొట్టాడు. అక్కడ సిమెంటు. ‘టప్’ తరవాత సన్నగా, కంచు గీసినట్లు, ఒక తోక సాగింది. “మీ గది ఇది” అన్నాడు.

మీరూ మీ హాల్లో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. ఖాళీ ఇంట్లో చేరిన మొదటి రోజున మన మాట మనకే ఖంగుమంటుంది గదా, ఆ ఖంగే ఇది. ఒక మాట ఇంకా గోడలకు తగిలి తిరుగుతూ వుండగానే రెండో మాట వచ్చి మీద పడుతుంది. పడుచు చెవులు వాటిని విడదీసుకుంటాయి, వయసు మళ్ళిన చెవులు విడదీసుకోలేవు. ఈ సంగతిని మొదట లెక్కకట్టి చెప్పినవాడు సాబిన్ అనే అమెరికా ఆచార్యుడు. 1895లో హార్వర్డులో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాట ఒక్కటీ అర్థంకావడంలేదని గోలపెడితే, సంగతేమిటో చూడమని ఆయనకు అప్పగించారు. ఆయన పక్కనున్న నాటకశాలలోంచి రాత్రిపూట కుర్చీల మెత్తలు మోయించి, ఒక ఆర్గను గొట్టాన్ని వూది, చప్పుడు అణగడానికి ఎన్ని క్షణాలు పట్టిందో గడియారం పెట్టి లెక్క చూసేవాడు. మెత్తలు పెరిగినకొద్దీ మోత తగ్గింది. మందపాటి గడ్డి చాపలమీద బతికిన జపానువాళ్ళకు ఈ మెత్తదనం తాతలనాటినుంచే వున్నది. ఎండలు భరించలేక చల్లటి రాతి నేలలు వేసుకున్నవాళ్ళం మనం. నున్నటి పలకరాళ్ళు ఎంత పెద్దవైతే అంత గొప్ప అనుకుంటున్నాము. చెవికి మాత్రం అవి నూతి గోడలే.

ఆ పెద్దమనిషి తరవాత అడిగినది నాకు నచ్చింది. “మీ అమ్మగారిని చెవి వైద్యుడికి చూపించారా?” చూపించాము. వయసుకు తగ్గ వినికిడే అన్నాడు, చెవియంత్రం ఇచ్చాడు, ఆవిడ దాన్ని డబ్బాలో భద్రంగా దాచుకుంది. ఆయన నవ్వి, తన తల్లి కూడా అంతేనన్నాడు.

వయసు వస్తే చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నటి ధ్వనులు. మాటలో బలమంతా అచ్చుల్లో వుంటుంది. ఆ, ఈ, ఊ అని మోగేవి అవి. మాటను మాటగా గుర్తుపట్టించేవి మాత్రం స, ష, చ, త, ప వంటి హల్లులు. అవి సన్నటివి, బలం లేనివి. అచ్చులు వినబడి హల్లులు జారిపోతే, మనిషి మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏమన్నదీ తెలియదు. మా అమ్మ చెప్పిన మాటకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానం నేను వినలేదు. ఇట్టివారి కోసం ధ్వని పెంచితే పెరిగేది అచ్చులే. పల్చటి టెలివిజన్లు వచ్చినప్పటినుంచీ ఈ బాధ హెచ్చింది. వాటిలో స్పీకర్లకు చోటు లేక కిందికో వెనక్కో తిప్పి పెడుతున్నారు. మాట ముందుగా గోడకు తగిలి, తరవాత మనదాకా వస్తుంది.

మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి ఏదో జపాను సినిమా పెట్టాడు. ఇంట్లో సినిమాశాల అని అంటారు చూడండి, దానికి ఆరు పెట్టెలు: ముందు మూడు, పక్కన రెండు, ఇవి అయిదు. మంద్రంగా గుమ్మనేదానికి మరొకటి. అంకెల్లో దాన్ని 5.1 అంటారు. ఇప్పుడు నెత్తిమీద కూడా స్పీకర్లు పెడుతున్నారు. సినిమాలో వాన కురుస్తోంది, గుర్రాలు పరుగెత్తుతున్నాయి, కుర్చీలు అదురుతున్నాయి. మా బావగారు వుంటే పొంగిపోయేవారు. ఉన్నట్టుండి ఆయన అన్నీ ఆపేసి, ముందు మూడింటిలో నడిమి పెట్టె ఒక్కటి వుంచాడు. వాన పోయింది, గుర్రాలు పోయాయి. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నాకు జపాను భాష రాదు. అయినా ఆ మాటల్లోని అక్షరాలు లెక్కపెట్టగలిగాను. సినిమావాళ్ళు సంభాషణంతా దాదాపు ఆ నడిమి పెట్టెకే పంపుతారట. తరవాత ఒక్కొక్కటిగా మిగతావి కలిపి, నడిమిదాన్ని మాత్రం మీటతో ఒక మూడు గీతలు పైన నిలిపాడు. వాన మళ్ళీ వచ్చింది గాని, ఈసారి వానలో మాట తడవలేదు.

“మీకు కావలసింది ఇది. మంచి నడిమి పెట్టె, దానికి జోడైన రెండు చిన్నవి. వెనకవి తరవాత చూసుకోవచ్చు” అన్నాడు. వెయ్యి వాట్ల సంగతి ఎత్తితే ఆయన కాగితం తీసి లెక్కవేశాడు. వాట్లు రెండింతలు చేస్తే చెవికి తెలిసే తేడా 3 డెసిబెల్సు, అంటే ‘కాస్త పెరిగిందే’ అనిపించేంత. రెండింతల ధ్వని అనిపించాలంటే ఇంచుమించు పదింతల వాట్లు కావాలి. మామూలు హాల్లో నలుగురు కూర్చుని వింటున్నప్పుడు ఖర్చయ్యేది ఒకటో రెండో వాట్లు. స్పీకరు కొనేటప్పుడు, ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్సు పలుకుతుందో దాని కాగితంమీద చూడాలి. 87 పలికేదానికన్న 90 పలికేదానికి సగం శక్తి చాలు. పెట్టెమీద కొట్టొచ్చినట్లు వేసే వేల వాట్ల అంకెలకు విలువ లేదు. ఒకప్పుడు మన దగ్గర ప్లాస్టిక్కు టేపు రికార్డర్లమీద కూడా వేలకు వేలు వేసి అమ్మేవారు, అది నిజంగా అన్ని వాట్లు లాగితే ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోవలసిందే!

పాటల విషయంలో ఆయన చెప్పింది మరీ సులువు. రెండు స్పీకర్లూ, మనమూ మూడు సమాన కోణాల్లో వుండాలి. సన్నగా పలికే చిన్న గిన్నె మన చెవి ఎత్తున వుండాలి. మూలకు నెడితే మంద్రం ఉబ్బిపోయి గొంతు కూరుకుపోతుంది, గోడనుంచి కనీసం ఒక మూర ఇవతలికి జరపాలి. అన్నిటికన్న ముఖ్యం, దుకాణంలో వాళ్ళు వేసిన పాట విని కొనకూడదు. వాళ్ళు తమ పెట్టె ఏది బాగా పాడుతుందో అదే వేస్తారు. మీరు వెయ్యిసార్లు విన్న పాట వెంట తీసుకువెళ్ళి వినాలి. మావాడు జేబులోంచి ఫోను తీసి ఘంటసాల పాత పాట ఒకటి పెట్టించాడు. ఆ కాలపు పాటలన్నీ ఒకే దారిలో పట్టినవి గనక, రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ, ఏమీ లేని చోట గొంతు నిలబడింది. పక్కన బేరం చూసుకుంటున్న ముసలి జపాను దంపతులు పాట అయ్యేదాకా కదలలేదు.

ఇంత విని, అక్కడ కొన్నది మాత్రం ఏమీ లేదు. జపానులో కరెంటు 100 వోల్టులు, మనది 230. అక్కడి సెట్టు తెచ్చి తిన్నగా మన ప్లగ్గులో పెడితే పొగే మిగులుతుంది. ఎప్పటికీ పక్కన బరువైన ట్రాన్స్‌ఫార్మరు కట్టివుంచాలి. ఆ దేశంలోనే తూర్పున ఒక తీరు కరెంటు, పడమట ఒక తీరు. 1890 తరవాత టోక్యోవాళ్ళు జర్మనీ యంత్రాలు, ఒసాకావాళ్ళు అమెరికా యంత్రాలు తెచ్చుకున్నారు. అందుచేత అక్కడ 50, ఇక్కడ 60 అని ఇప్పటికీ సాగుతోంది. మరొకటి: వాళ్ళ ఎఫ్.ఎం. రేడియో 76 నుంచి 95 దాకానే. మన స్టేషన్లు 88 నుంచి 108 దాకా. ఆ సెట్టు తెస్తే మన స్టేషన్లు సగానికి పైగా అందవు. జపాను చూడబోయి యాంప్లిఫయరు మోసుకురావాలనుకునేవారు ఈ మూడూ గుర్తుంచుకోవాలి. చెవికి పెట్టుకునే ఫోన్లు, గ్రామఫోను ముళ్ళు అయితే బాధలేదు.

ఆ మర్నాడు షిబుయా వెళ్ళాము. అక్కడి కొండ సందులో ‘లయన్’ అనే కాఫీ హోటలుంది. 1926లో పెట్టారు, 1945 బాంబుల్లో కాలిపోయింది, 1950లో మళ్ళీ అచ్చం పూర్వంలాగే కట్టారు. లోపల నీలి వెలుగు. కుర్చీలన్నీ రైలుపెట్టెలోలాగా ఒకే వైపు తిరిగివుంటాయి. ఎదుట గోడ గోడంతా కొయ్య స్పీకర్లు, కింది అంతస్తునుంచి పై అంతస్తుదాకా, గుళ్ళో మందసంలాగా. మాట్లాడకూడదు, ఫొటో తీయకూడదు. జాబితాలో వేలు పెట్టి చూపిస్తే కాఫీ తెచ్చి పెట్టి వెళతారు. నెలకొకసారి కార్యక్రమం అచ్చువేసి బల్లలమీద వుంచుతారు. రికార్డు మార్చేముందు ఒకామె మైకులో, పక్కగదిలో పిల్లాడు నిద్రపోతున్నంత మెల్లిగా, రాబోయేది ఎవరి రచనో చెబుతుంది.

ఇట్లాంటి హోటళ్ళు ఎందుకు పుట్టాయంటే, యుద్ధం తరవాత ఒక్క విదేశీ రికార్డు కొనాలన్నా గుమాస్తా జీతంలో పెద్ద ముక్క పోయేది. వాయించే యంత్రం ఇంకా పెద్ద మాట. కప్పు కాఫీ డబ్బులిచ్చి రెండు గంటలు వినేవారు. ఆ కాఫీ తాగిన కుర్రాళ్ళే పెద్దవాళ్ళయి 1970 నాటికి ప్రపంచానికంతా స్టీరియోలు చేసి అమ్మారు. ఆనాటి పెద్ద కంపెనీలు కొన్ని ఇప్పుడు లేవు. సాన్సుయి 2014లో దివాలా తీసింది. ఓంక్యో ఇళ్ళ సెట్ల కంపెనీ 2022లో తీసింది. పల్చటి గోడల ఇరుకు ఇళ్ళలో పిల్లలు ఎవరి చెవిలో వారు ఫోను పెట్టుకున్నారు. 1979లో వాక్‌మన్ వచ్చిన నాడే దీనికి అంకురం పడింది. లయన్‌లో మేము వెళ్ళిన పూట పదకొండుగురున్నారు. ఒక కుర్రవాడు పుస్తకం మూసి, ఒక వయొలిన్ కచేరీ పూర్తయ్యేదాకా కళ్ళు తెరవలేదు. నలుగురు కలిసి, ఒకే శబ్దాన్ని, మాట్లాడకుండా వినడమన్నది మా ఆవిడకు వింతగా తోచింది. బయటికొచ్చాక, “మన భజనమందిరంలో కూడా ఇంత నిశ్శబ్దంగా వుండరు” అన్నది.

విజయవాడ వచ్చాక నాలుగు దుకాణాలు తిరిగాము. అన్ని చోట్లా మా పాటే వేయించాను. ఒక దుకాణంవాడు విసుక్కున్నాడు కూడా. చివరికి మధ్యరకం రిసీవరు ఒకటి, నడిమి పెట్టె, జత చిన్న స్పీకర్లు తీసుకున్నాము. అన్నిటికన్న ముందు వచ్చినవి మాత్రం ఏలూరు తివాచీ ఒకటి, మందపాటి పరదాలు రెండు. అద్దాల బీరువా లోపలి గదికి పోయి, ఆ గోడకు పుస్తకాల అలమర వచ్చింది. ఇంత ఖర్చు పెట్టలేనివారు తివాచీ పరదాలతో ఆగినా, టెలివిజను కింద పెట్టే పొడుగాటి స్పీకరు ఒకటి, మాటకు వేరే నడిమి భాగం వున్నది చూసి తెచ్చుకున్నా, చాలా మేలు కనబడుతుంది. నిజానికి సగం మేలు తివాచీదే. ఈ మాట అమ్మకం దుకాణంలో ఎవరూ చెప్పరు.

మొదటి రాత్రి పాత సినిమా పెట్టాము. అమ్మ అలవాటు ప్రకారం నడుం లాగుతోందని లేవబోయింది. గుమ్మం దగ్గర ఆగింది. “ఇదేమిటే, సూర్యకాంతం నిన్న మన ఇంటికొచ్చి మాట్లాడినట్లుంది” అని, ఆ గుమ్మానికి ఆనుకునే కాసేపు నిలబడి, తరవాత వచ్చి కూర్చుంది. సినిమా అయ్యేలోపల కోడలి పక్షాన రెండుసార్లు, అత్తగారి పక్షాన ఒకసారి వాదించింది కూడా.

మా బావగారు ఊరుకోలేదు. దసరాకు తన డబ్బుతో గుమ్మనే పెట్టె ఒకటి తెచ్చి బిగించారు. మూలకు పెట్టొద్దని చెప్పి, సోఫా పక్కకు జరిపించాను. యుద్ధం సీను వచ్చేసరికి కిటికీ రెక్కలు అదిరాయి. అమ్మ అల్లుడితో ఎదురుగా మాట్లాడదు గనక, నావైపు తిరిగి, “మీ బావతో చెప్పరా, ఆ బండచప్పుడు కాస్త తగ్గించమని. రాజు ఏమంటున్నాడో వినపడనివ్వమను” అన్నది. ఆయన మీట ఒక గీత తగ్గించారు. మా అక్క వంటింట్లోకి వెళ్ళాక మళ్ళీ ఒక గీత పెంచారు.